ఖాళీ కుదుళ్ళు

"ఇంత చెడ్డ మట్టి కావాలన్నా దొరకదమ్మా షారోన్!" అంటూ హనుమాన్‌ప్రసాద్ సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన సంబరం చూసి నేనూ నవ్వాను. ఆ మట్టి మా చేనుదన్న సంగతి ఆయనకి కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది. నాలిక కరుచుకుని, "సారీ అమ్మా," అని మళ్ళీ కూర్చున్నారు.

తప్పు నాదే. ఆ జూన్‌లో బాపట్లలోని మా ల్యాబుకి కొత్త మిషను వచ్చింది. మట్టిలో ఏ లోహం ఎంత ఉందో అది చెబుతుంది. వాడటం నేర్చుకోవడానికి తలా ఒక మట్టి తెచ్చుకోండి అన్నారు సార్. నాతో పనిచేసే స్నేహ హాస్టల్లో పూలకుండీ మట్టి తెచ్చింది. నేను ఆదివారం ఇంటికెళ్ళినప్పుడు రేపల్లె దగ్గర మా ఎకరంలో నాలుగు మూలలా తవ్వి కవర్లో పోసుకొచ్చాను. అంత బుద్ధిమంతురాలిని మరి! పూలకుండీలో ఏమీ లేదు. మా చేనులో కాడ్మియం ఉంది, కిడ్నీలని పాడుచేసే విషపు లోహం. ఆ వారం మిషనులో పెట్టిన ఎనభై మట్టి శాంపిళ్ళలో మాదే ఫస్టు.

మా చేనుకి ఎగువన కాలవ గట్టు మీద ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించే షెడ్డు ఉండేది. నేను బడికెళ్ళే రోజుల్లోనే మూసేశారు. రేకులు, ఇటుకలు కూడా ఎవరికి అందినవి వాళ్ళు పట్టుకుపోయారు. మట్టిలోకి దిగింది మాత్రం దిగినట్టే ఉంది. అందులోనే నాన్న పాతికేళ్ళుగా బీపీటీ రకం వరి పండిస్తున్నాడు. ఆ బియ్యమే తిని నేను పెరిగాను.

మా ప్రాజెక్టు పనల్లా కాడ్మియాన్ని తక్కువగా పీల్చే వరిని తయారు చెయ్యడం. ఆరేళ్ళుగా బీపీటీకి ఇంకో రకాన్ని కలిపి, పిల్ల మొక్కల్లో పనికొచ్చేవాటిని ఏరి, మళ్ళీ బీపీటీకే కలిపి, చివరికి ఒక రకాన్ని నిలబెట్టారు. చూడ్డానికి అచ్చం బీపీటీ. పక్కపక్కన పెడితే సార్ కూడా పోల్చుకోలేరు. దాన్ని మంచి మట్టిలో నాటి ఏం లాభం? చెడ్డ మట్టిలో నాటి చూడాలి. ప్రాజెక్టు మార్చితో అయిపోతుంది, మిగిలింది ఆ ఒక్క వానాకాలపు సార్వా పంట. అందుకే సార్‌కి అంత సంబరం.

"మీ నాన్నగారు ఒప్పుకుంటారా?" అన్నారు.

"అడుగుతాను సార్," అన్నాను.

*

నాన్నకి మంగళ, గురు, శనివారాలు తెనాలిలో డయాలసిస్. అమ్మా ఆయనా పొద్దున్నే రేపల్లె నుంచి బండెక్కి వచ్చేవాళ్ళు. శనివారాలు నేను బాపట్ల నుంచి వెళ్ళి వాళ్ళని కలిసేదాన్ని. ఆస్పత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మట్టి సంగతి చెప్పాను. అమ్మ బయట వరండాలో టిఫిన్ గిన్నెలు కడుగుతోంది.

నాన్న అంతా విన్నాడు. గొట్టాల్లో ఆయన రక్తం తిరుగుతోంది.

"నా కిడ్నీలు దీనివల్లే పోయినయ్యంటావా?"

"తెలియదు నాన్నా. పదిహేనేళ్ళుగా షుగరు. దానికి తోడు నడుం నొప్పికి నువ్వు మింగిన బిళ్ళలకి లెక్కే లేదు. దీనివల్లే అని ఎవరూ చెప్పలేరు. కాదని కూడా చెప్పలేరు."

"మీ సారు గూడా చెప్పలేడా?"

"చెప్పలేరు."

"అంత చదువుకునీ?" అని నవ్వాడు. "మరి ఆ కొత్త వడ్లు ఆ ఇసాన్ని పీల్చవని మీకెట్టా తెలుసు?" అన్నాడు.

"వేర్లలో తలుపుల్లాంటివి ఉంటాయి నాన్నా. మొక్కకి కావాల్సినవీ, అక్కర్లేని కాడ్మియమూ ఒకే తలుపులోంచి వస్తాయి. కొన్ని రకాల్లో ఆ తలుపు ఇరుకు. ఏ మొక్కకి ఇరుకు తలుపు వచ్చిందో పంట పండేదాకా ఆగక్కర్లేదు. చిన్న ఆకు ముక్క చాలు. దాన్ని నూరి, మందులు కలిపి, ఒక పలకలో పరిగెత్తిస్తే గీతలు పడతాయి. మా రకానికి గీత కింద పడుతుంది, మామూలు బీపీటీకి పైన పడుతుంది. ఆ గీతని మార్కర్ అంటారు."

"నేను గూడా ఇరుకు తలుపుతో పుట్టాల్సింది," అన్నాడు నాన్న. నాకు నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. ఆయనకి మాత్రం తన మాట తనకే నచ్చింది. నర్సుని పిలిచి ఆమెకి కూడా చెప్పాడు.

ఆ సాయంత్రం తెనాలి స్టేషన్లో బండి కోసం చూస్తూ ఆయనే తేల్చేశాడు. "ఈ ఏడు ఎకరం బీడు పెడతాను. తెలిసి తెలిసి ఆ వడ్లు పండించి ఎవరికి పెట్టమంటావు? రోడ్డు పక్క రెండు మళ్ళు మీ సారుకి ఇస్తాను. ఆ రకం నిలబడిందనుకో, వచ్చే ఏడు ఎకరమంతా అదే ఏద్దాం. నిలబడకపోతే ఆ చేలో ఇంక వరి లేదు."

వరి లేకపోతే మా ఎకరంలో ఏముంటుంది? కాలవ చివరి భూమి, ఉప్పు నేల. వరి తప్ప ఇంకేదీ రాదు. అమ్మ ఆ మాట అనలేదు. సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఆయనకిచ్చింది.

*

జూలై చివరి బుధవారం నాటాం. ఒక మడిలో మా రకం, వరసకి యాభై చొప్పున ఇరవై వరసలు. వెయ్యి కుదుళ్ళు, కుదురుకి ఒకే మొక్క. పక్క మడిలో పోలిక చూడటానికి మామూలు బీపీటీ. దాని నారు పక్క చేను రామకోటి బాబాయి ఇచ్చాడు.

నాట్లకి మా అమ్మ, ఆమె జట్టు ఆడవాళ్ళు దిగారు. మా వైపు ఊడ్పుల్లో సారమ్మ జట్టంటే పేరు. తాడు లేకుండా నాటినా వరస వంకరపోదు. పదో రోజున ఎవరూ పిలవకపోయినా చేనులోకి దిగి, పీతలు కొరికిన చోటా కుళ్ళిన చోటా మిగులు నారు పెట్టి వస్తారు. ఆ పనికి కూలి అడగరు. తమ చేత్తో నాటిన మడిలో ఖాళీ కనబడితే తలవంపులని వాళ్ళ పట్టింపు.

అక్కడే వచ్చింది పేచీ. "చచ్చిన మొక్క స్థానంలో ఇంకోటి పెట్టకూడదు," అని సార్ ముందే గట్టిగా చెప్పారు. బయటి మొక్క ఒక్కటి చేరినా ఏ గింజ ఏ మొక్కదో తెలియదు, లెక్కంతా పోతుంది. ఆ మాట నేను చెబితే ఆడవాళ్ళు నవ్వారు. నాన్న గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. వాచిన కాళ్ళు ఇంకో కుర్చీ మీద చాపుకుని మేస్త్రీ పని చేస్తున్నాడు.

"నవ్వులాట కాదు! ఇది పరీక్ష చేను. సారుకి మాటిచ్చాను. ఖాళీ ఉంటే ఉండనీయండి, ఎవరూ చెయ్యి పెట్టబాకండి. ఏమే సారా, నీకే చెప్పేది!"

"నాకెందుకు చెబుతావు? నాకు చెవుల్లేవా?" అంది అమ్మ నడుం ఎత్తకుండానే.

"నీకు చెవులున్నాయి, చేతులే ఊరుకోవు."

జట్టంతా గొల్లుమంది. అమ్మ కూడా నవ్వింది. ఆ సార్వాలో వాళ్ళిద్దరూ కలిసి నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

*

నాటిన ఎనిమిదో రోజు గురువారం. ఖాళీలు లెక్కపెట్టడానికి సెలవు పెట్టి తెల్లవారుజామున బయల్దేరాను. రేపల్లెలో నేను బండి దిగేసరికి అమ్మా నాన్నా తెనాలి బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉన్నారు. నాన్న ముఖం పాలిపోయి ఉంది. "టిఫిన్ తిన్నావా?" అన్నాడు. తినలేదన్నాను. "తిని వెళ్ళు, ఎండ ముదరకముందే," అన్నాడు. వాళ్ళ బండి వచ్చింది. అమ్మ ఆయన్ని భుజం పట్టి ఎక్కించింది.

పీతలు తమ పని తాము చేశాయి. ఎక్కువ ఖాళీలు రోడ్డు వైపే ఉన్నాయి. ఎన్నో వరస, అందులో ఎన్నో మొక్క అని ఒక్కొక్కటే పుస్తకంలో రాసుకుంటూ వెళ్ళాను. మొత్తం ముప్పై ఏడు. ఆ అంకె కింద గీత గీసి, చేతికి అంటిన బురద చున్నీకి తుడుచుకుని, మోగుతున్న ఫోన్ ఎత్తాను.

"సూది పెట్టకముందేనమ్మా," అంది అమ్మ. "కూర్చున్నాడు, కూర్చున్నట్టే పక్కకి వాలాడు."

"సరే అమ్మా, వస్తున్నాను," అన్నాను. అంతే అన్నాను. తర్వాత పుస్తకం బ్యాగులో పెట్టాను. పెన్ను మూత కనబడకపోతే గట్టు మీద చాలాసేపు వెతికాను. ఆ రోజు గురించి ఎవరడిగినా నాకు ముందు ఆ పెన్ను మూతే గుర్తొస్తుంది.

సమాధి కార్యక్రమంలో ఏడవలేదు. ఏడవడం లేదని చుట్టాలు అమ్మతో చెప్పారు, అమ్మ నాతో చెప్పింది. "ఏడుపు రావట్లేదమ్మా," అన్నాను. లోపల ఏమీ లేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో ఒళ్ళంతా అలా ఉంది. జనం మాట్లాడుతుంటే పెదవులు కదలడం చూసేదాన్ని.

పదకొండో రోజున ఆదరణ కూటం. పాస్టర్ గారు ప్రార్థన చేశారు, పాటలు పాడారు, రెండొందల మందికి భోజనాలు పెట్టాం. మా ఇంటికి రావాలంటే చేను పక్క రోడ్డు మీదుగానే రావాలి. నాన్న వాళ్ళన్నయ్య ఎజ్రా పెదనాన్న విస్తరి ముందు కూర్చుంటూ, "చేను చూశానమ్మాయ్. రెండు మళ్ళయినా నిండుగా ఉన్నాయి. మా తమ్ముడి చేను ఎప్పుడూ అంతే," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. నేను సాంబారు వడ్డించి పక్క విస్తరికి వెళ్ళాను. ముప్పై ఏడు ఖాళీలున్న మడి నిండుగా ఎలా ఉంటుందన్న ఆలోచన నా బుర్రకి తట్టనే లేదు.

*

మర్నాడే బాపట్ల వెళ్ళిపోయాను. పన్నెండు రోజుల సెలవు చాలన్నారు ఎవరో, నేనే అయి ఉంటాను. ల్యాబులో ఆకులు నూరడం, గొట్టాల మీద నంబర్లు వెయ్యడం, మిషను దగ్గర కూర్చోవడం. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. సూర్యలంక వెళ్ళొద్దాం, గాలి మారుతుందని స్నేహ ఒక ఆదివారం లాక్కెళ్ళింది. సముద్రం ఉంది. జనం ఉన్నారు. మొక్కజొన్న పొత్తు తిని వచ్చేశాం.

సెప్టెంబరు రెండో వారంలో పిలకలు లెక్కపెట్టడానికి చేనుకి వెళ్ళాను. పుస్తకం తెరిచి మొదటి ఖాళీ దగ్గరికి వెళ్తే అక్కడ ఖాళీ లేదు. రెండో వరసలో నాలుగోది, పచ్చగా, పక్కవాటితో సమానంగా పిలకలు వేసుకుని ఉంది. ఇంకో ఖాళీ దగ్గరికి వెళ్ళాను. అదీ అంతే. ముప్పై ఏడూ తిరిగి చూశాను. మడిలో ఒక్క ఖాళీ లేదు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"మడిలో ఖాళీలేమయ్యాయమ్మా?"

"పూడ్చాను."

"ఎప్పుడు?"

"కూటం ముందు రోజు. రామకోటి నారుమడిలో ఇంకా కాస్త మిగిలింది, అడిగి తెచ్చాను." తడి చీర దులిపి తీగ మీద వేసింది. "ఒక్కొక్కటే పెట్టానులే, నువ్వు చెప్పినట్టే. రెండేసి పెట్టలేదు."

నేను గడప మీద కూర్చున్నాను. "పూడ్చకూడదన్నాం కదమ్మా. నాన్న అంతలా చెప్పాడు కదా."

"చెప్పాడు. చెప్పినాయన పోయాడు." క్లిప్పు పెట్టి వెనక్కి తిరిగింది. "జనమంతా ఆ రోడ్డునేగా వచ్చేది? ఎకరం బీడు పెట్టి, ఉన్న రెండు మళ్ళు గూడా పళ్ళూడిన నోరల్లే ఉంటే ఏమనుకుంటారు? మత్తయి అట్టా పోయాడో లేదో, పెళ్ళాం చేనొదిలేసింది అనుకోరూ? నాట్లేసి బతికినదాన్ని నేను. నాకు ఆ పది రోజులు వేరే ఏం చెయ్యాలో తెలీలేదే. ఆ పొద్దున ఆ నాలుగు మొక్కలు పెడుతుంటే కాస్త ఊపిరాడింది."

కోప్పడాలని నాకు తెలుసు. కోపం కోసం వెతుక్కున్నాను, దొరకలేదు. "అన్నం ఉందా?" అన్నాను. ఉందంది. తిన్నాను.

సార్‌కి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. భయమని కాదు, నోరు తెరవాలంటే బరువుగా ఉండేది. చెప్పాక ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. చాలాసేపు తిట్టలేదు. ఎప్పటికీ తిట్టలేదు.

"కంకులు ఎప్పుడు బయటికొస్తాయి?"

"ఇంకో మూడు వారాల్లో సార్."

"ఈలోపు, పుప్పొడి కలవకముందే, బయటి మొక్క ప్రతి ఒక్కటీ పోవాలి. లేదంటే మడి మొత్తం వదిలెయ్యడమే. ఇంకో సీజను మనకి లేదమ్మా."

"ఖాళీలు పుస్తకంలో ఉన్నాయి సార్. ఆ ముప్పై ఏడూ పీకేస్తాను."

"నువ్వు లెక్కపెట్టిన తర్వాత ఇంకేవి చచ్చాయో, వాటి చోట ఏం పెట్టారో మనకి తెలియదుగా. మీ అమ్మగారిని అనుమానించి కాదు. వెయ్యి మొక్కలకీ ఆకు పరీక్ష చేద్దాం. గీతలు చూసి పీకుదాం."

మళ్ళీ చేనుకి వెళ్ళి వెయ్యి ఆకు ముక్కలు కోసి తెచ్చాం. స్నేహా నేనూ తొమ్మిది రోజులు అదే పని చేశాం. మా రకానికి గీత కింద ఉంటుంది, బీపీటీకి పైన. పలక కింద లైటు వేస్తే వరసగా గీతలన్నీ కింద ఉంటాయి, మధ్యలో ఎక్కడో ఒకటి పైకెగిరి కూర్చుని ఉంటుంది. "ఇదిగో ఆంటీ చేసిన పని," అనేది స్నేహ మొదట్లో. తర్వాత తర్వాత అనడం మానేసి నంబరు మాత్రం చెప్పేది. నేను రాసుకునేదాన్ని. ఊళ్ళో ఎవరికీ కనబడని అమ్మ చేతి పని ఆ పలక మీద స్పష్టంగా కనబడుతుంటే, ఆమె ఏడవడం దొంగచాటుగా చూసినట్టు అనిపించేది.

చివరి పలక అయ్యాక మొత్తం కూడి చూశాను. ముప్పై ఎనిమిది వచ్చాయి.

ఎక్కడో తప్పు చేశామని మళ్ళీ చేశాం. ముప్పై ఎనిమిదే. అందులో ముప్పై ఏడు నా పుస్తకంలోని ఖాళీలకి సరిపోయాయి. అదనంగా వచ్చింది మొదటి వరస, ఏడో మొక్క. నేను లెక్కపెట్టిన రోజున అక్కడ ఖాళీ లేదు.

*

శనివారం పొద్దున అమ్మా నేనూ మడిలోకి దిగాం. ఆమెని రమ్మనలేదు. చీర ఎగదోపుకుని తనే వచ్చింది. నేను కాగితం చూసి చెప్పకముందే వేలు పెట్టి చూపించేది. "ఇది నాది. అదిగో, అది గూడా నాదే." ఒక్కటి కూడా తప్పలేదు. నెలన్నర కిందట పెట్టిన మొక్కల్ని, అచ్చం ఒకేలా ఉన్న వెయ్యింటిలోంచి, ఎలా గుర్తుపెట్టుకుందో నన్నడగొద్దు. మాకు తొమ్మిది రోజులు పట్టింది.

ఆమె చూపించడం, నేను పీకడం. వేర్లు బాగా దిగాయి, రెండు చేతులా పట్టి లాగాల్సి వచ్చింది. పీకినవన్నీ గట్టు మీద కుప్పగా వేశాం. పశువులకి వెయ్యకూడదు, ఎండాక తగలబెట్టాలి. రామకోటి బాబాయి తన చేను గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు బళ్ళాపి చూసి పోతున్నారు. అమ్మ ఎవరి వంకా తల తిప్పలేదు.

చివరికి గట్టు వారనున్న మొదటి వరసకి వచ్చాం.

"ఇది కూడా," అన్నాను ఏడో మొక్క చూపించి.

అమ్మ వంగి చూసింది. "ఇది నాది కాదు."

"గీత పైనే పడిందమ్మా. రెండుసార్లు చూశాం."

"నాది కాదంటుంటే? నేను గట్టు వార వరసలో అసలు పెట్టనేలేదు."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రామకోటి బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"అది మత్తయి పెట్టాడు సారమ్మా," అన్నాడు.

అమ్మ నడుం ఎత్తి ఆయన వైపు తిరిగింది.

"చనిపోయే ముందు రోజు సాయంత్రం. ఆ బుధవారం. తెల్లారితే తెనాలి వెళ్ళాలి. ఆ కుర్చీలో కూర్చుని చూసి చూసి, రామకోటీ, నాకెదురుగ్గా ఇక్కడే ఒకటి పోయిందిరా, కళ్ళలో పొడుస్తోంది, ఒక్క మొక్క ఇయ్యరా అన్నాడు. నీ పరీక్ష ఏమైందయ్యా, అందర్నీ తిట్టావుగా అన్నాను. ఒక్కదానికి ఏం కాదులే, అమ్మాయికి చెప్పబాక అన్నాడు. వంగలేడుగా? గట్టు మీద చతికిలబడి, జరుక్కుంటూ వచ్చి, చెయ్యి చాపి గుచ్చాడు. లేవడానికి నేనే పట్టుకున్నాను." తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "చెప్పొద్దన్నాడని ఊరుకున్నానమ్మా."

ముప్పై ఏడు మొక్కలు పీకినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆ మొక్క మీదికి మాత్రం చెయ్యి పోలేదు. బాగా దుబ్బు కట్టింది. ఇరవై పిలకలైనా ఉంటాయి. నాన్న మీద కోపం వచ్చింది. అంతమంది మీద కేకలేసి, సార్‌కి మాటిచ్చి, చివరికి ఇదా నువ్వు చేసింది అని అరవాలనిపించింది. ఆయన పోయిన తర్వాత నాకు గట్టిగా ఏదైనా అనిపించడం అదే మొదలు. ఆ కోపం వెనకే ఇంకేదో తోసుకుని వచ్చింది.

"దీన్నొక్కదాన్నీ వదిలేద్దామమ్మా," అన్నాను.

"మీ సారేమంటాడు?"

"ముప్పై ఏడే ఉన్నాయని చెబుతాను. కోతప్పుడు దీన్ని విడిగా కోసేస్తాను. ఎవరికీ తెలియదు."

అమ్మ నా ముఖంలోకి చూసింది.

"నేను పెట్టినవి ముప్పై ఏడు," అంది. "ఒక్కదాని దగ్గరైనా ఆగావా? అన్నీ నా ముందే పీకావు. చూపించమంటే చూపించాను. ఆయన పెట్టింది ఒక్కటి ఉంచుతానంటున్నావు. నాకో న్యాయం, మీ నాన్నకో న్యాయమా?"

ఆ మాట నెమ్మదిగానే అంది. రామకోటి బాబాయి తల వంచుకుని తన చేనులోకి దిగిపోయాడు. రెండు నెలల్లో ఆమె ముఖంలోకి నేను సరిగ్గా చూసింది అప్పుడే. కళ్ళ కింద నల్లగా అయిపోయింది. ఆమెకి కూడా మనిషి పోయాడు.

"పీకు," అంది.

వంగి, మొదలు దగ్గర రెండు చేతులూ వేసి లాగాను. రాలేదు. అమ్మ ఎదురుగా కూర్చుని తనూ పట్టుకుంది. ఇద్దరం లాగితే వచ్చింది.

ఆ మడి లెక్కలోకి వచ్చింది. కోతయ్యాక గింజలు ఆడించి మిషనులో పెడితే, పక్క మడి బీపీటీలో ఉన్న కాడ్మియంలో మా రకంలో ఆరో వంతు కూడా లేదు. సార్ బాపట్ల నుంచి అమ్మకే ఫోన్ చేసి చెప్పారు. వచ్చే సార్వాకి ఎకరానికి సరిపడా విత్తనం ఇస్తామన్నారు. అమ్మ, "అలాగేనండి," అని ఫోన్ నాకిచ్చేసింది. అదంతా తర్వాతి సంగతి.

ఆ పొద్దున అమ్మ ఆ దుబ్బుని నా చేతిలోంచి తీసుకుంది. కాలవలోకి దిగి వేర్లకున్న బురద కడిగింది. నీళ్ళు కారుతున్న దాన్ని పట్టుకుని గట్టు మీదికొచ్చి, కాసేపు నిలబడి, తన మొక్కల కుప్పలో పెట్టింది. అన్నీ ఒకే పచ్చ, ఒకే ఎత్తు. నేను పుస్తకంలో నంబరు రాసుకుని తలెత్తి చూసేసరికి నాన్నది ఏదో నాకు తెలియలేదు. అమ్మని అడిగాను.

"ఏమోనే," అంది. "కలిసిపోయింది."